మెడ అరిగితే కళ్ళు తిరుగుతాయా?

తెనాలి కుర్రాడు:
అమ్మకు 62 ఏళ్ళు. మూడు నెలలుగా కళ్ళు తిరుగుతున్నాయి. మొదట పైత్యం అనుకుని ధనియాల కషాయం తాగింది. తర్వాత ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, సి5–సి6 (మెడ ఎముకల్లో ఐదోది, ఆరోది) దగ్గర మెడ అరిగింది, దానివల్లే అన్నారు. మెడకు పట్టీ వేసి, కళ్ళు తిరగడం తగ్గడానికి రోజూ వర్టిన్ మాత్ర వాడమన్నారు. తగ్గలేదు. మా బావగారేమో మెడకూ కళ్ళు తిరగడానికీ అసలు సంబంధమే లేదంటారు. ఎవరి మాట నమ్మాలి?

వరండా కుర్చీ:
సంబంధం లేదనేవాళ్ళకి మెడ పట్టేసి ఉండదు. నా బండిని వెనక నుంచి ఆటో గుద్దింది. అప్పట్నుంచి మెడ బిగుసుకున్న రోజల్లా పడవలో నడుస్తున్నట్టు ఉండేది. రెండు నెలలు ఫిజియోథెరపీ చేయించుకున్నాక పోయింది. బావగారికి చెప్పండి.

ఈఎన్‌టీ పీజీ:
అరవై దాటినవాళ్ళకి ఎక్స్‌రే తీస్తే చాలామందికి మెడ అరిగినట్టే కనిపిస్తుంది, ఏ బాధా లేనివాళ్ళకి కూడా. జుట్టు నెరిసింది కాబట్టి కళ్ళు తిరుగుతున్నాయి అంటామా? కుర్రాడు గారూ, అమ్మగారికి గది గిర్రున తిరుగుతుందా, తూలినట్టు ఉంటుందా? ఎంతసేపు? మంచం మీద పక్కకు ఒత్తిగిలితే వస్తుందా?

తెనాలి కుర్రాడు:
గిర్రున తిరుగుతుందట, అర నిమిషం. తెల్లవారుజామున ఒత్తిగిలినప్పుడు ఎక్కువ. అటక మీది డబ్బా తీయబోయినా వస్తోంది.

ఈఎన్‌టీ పీజీ:
అయితే మొదట చెవి చూపించండి. లోపలి చెవిలో ఉండే సన్నని కాల్షియం రేణువులు చోటు తప్పి అర్ధవృత్తాకార గొట్టాల్లోకి జారితే సరిగ్గా ఇలాగే ఉంటుంది. దీన్ని బీపీపీవీ అంటారు. అటక దగ్గరే అందరూ పొరబడతారు. పైకి చూస్తే తలా కదులుతుంది, మెడా వంగుతుంది, తప్పు ఎవరిదో తెలియదు. మంచం మీద అలా కాదు. భుజాలూ తలా కలిసి దొర్లితే మెడ మెలిక పడదు. అయినా గది తిరిగిందంటే అనుమానం చెవి మీదికే పోవాలి.

వరండా కుర్చీ:
అంటే నాది భ్రమా?

మెడ పనివాడు (ఫిజియో):
భ్రమ కాదన్నా. 1955లోనే ర్యాన్, కోప్ అనే ఇద్దరు డాక్టర్లు దీని గురించి రాశారు. మెడ పైభాగంలోని మూడు ఎముకల చుట్టూ ఉన్న కీళ్ళు, కండరాలు తల ఎటు ఉందో మెదడుకు చెబుతుంటాయి. దెబ్బ తగిలో, బిగుసుకునో అవి ఒకటి చెబితే, కళ్ళూ చెవులూ ఇంకొకటి చెబుతాయి. అప్పుడు గది తిరగదు. తల దిమ్ముగా, తూలిపోతున్నట్టు ఉంటుంది, నిమిషాల నుంచి గంటల దాకా. మెడ నొప్పితో పాటే పెరుగుతుంది, దాంతోనే తగ్గుతుంది. మీరు చెప్పింది అదే.
మేం తలకు చిన్న లేజర్ కట్టి, గోడకు 90 సెంటీమీటర్ల దూరంలో కూర్చోబెడతాం. కళ్ళు మూసుకుని తల తిప్పి మళ్ళీ మొదటి చోటికే తెమ్మంటాం. చుక్క ఏడు సెంటీమీటర్లకు మించి పక్కకు పోతే మెడ లెక్క తప్పిందని అనుకుంటాం.

ఈఎన్‌టీ పీజీ:
ఆ లెక్క కళ్ళు తిరగని మెడ నొప్పివాళ్ళలో కూడా తప్పుతుంది కదా. ఇది మెడదే అని తేల్చే పరీక్ష ఒక్కటీ లేదు. చెవి, బీపీ, మైగ్రేన్, మెదడు అన్నీ కాదనుకున్నాక చివర్లో మిగిలే పేరది. మన ఊళ్ళలో దాన్నే మొదట పెడుతున్నారు, నా గొడవంతా అదే. ఇంకోటి, కళ్ళు తిరుగుతాయన్న భయంతో తల కదపకుండా ఉంటే మెడ పట్టేస్తుంది. దాన్ని చూసి మెడ వల్లే వచ్చింది అంటారు.

మెడ పనివాడు (ఫిజియో):
ఆ చివరి మాట ఒప్పుకుంటా. కానీ మైగ్రేన్‌నీ ఏ పరీక్షా తేల్చదు, రోగి చెప్పింది విని రాస్తారు. దానికి లేని అభ్యంతరం మెడకెందుకు?

ఒక చదువరి:
మీ వాదన బాగుంది గానీ, మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, మూతి వంకర పోవడం, మునుపెన్నడూ లేనంత తలనొప్పి, నిలబడలేకపోవడం ఉంటే మెడా చెవీ అని కూర్చోకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. పక్షవాతం కావచ్చు. క్షౌరశాలలో మెడ టక్కున విరిపించుకునే అలవాటున్నవాళ్ళూ మానుకోండి. మెడలోంచి మెదడుకు పోయే రక్తనాళం చీలే ప్రమాదం ఉంది.

వరండా కుర్చీ:
అదొక్కటే సుఖం, దాన్నీ వదలరా!

తెనాలి కుర్రాడు (పది రోజుల తర్వాత):
ఈఎన్‌టీ దగ్గరికి తీసుకెళ్ళాను. అమ్మ తలను కుడివైపు తిప్పి, గబుక్కున వెల్లకిలా పడుకోబెట్టి, మంచం అంచు దాటి తలను కాస్త కిందికి వాల్చారు. రెండు మూడు క్షణాలకి కనుగుడ్లు వాటంతటవే కొట్టుకోవడం నేనూ చూశాను. కుడి చెవి అన్నారు. ఆ రేణువుల్ని మళ్ళీ వాటి చోటికి జార్చే ఎప్లీ పద్ధతిలో తలను మెల్లగా ఎడమవైపుకు, ఆపైన ఒంటితో సహా పక్కకు తిప్పి లేపారు. అప్పుడు భయపడి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వారం తర్వాత రెండోసారి చేశారు, ఇప్పుడు గది తిరగడం లేదు. వర్టిన్ ఆపమన్నారు.
మెడ నొప్పి మాత్రం అలాగే ఉంది.

వరండా కుర్చీ:
చూశారా!

తెనాలి కుర్రాడు:
దానికి ఫిజియో మొదలుపెట్టాం బాబాయ్. పట్టీ తీసెయ్యమన్నా తీయట్లేదు, డబ్బులు పోసి కొన్నాం కదా అంటోంది.