సభ్యుడు, చెందినవాడు, తాలూకా, మనోడు: ఏది ఎక్కడ?

ప్రశ్న: అపార్ట్‌మెంటు సంఘం నియమావళి తెలుగులో రాస్తున్నాం. వాక్యానికో ‘సభ్యుడు’ వచ్చి చదవడానికి విసుగ్గా ఉంది. పర్యాయపదాలు చెప్పగలరా? ‘ఈ సంఘానికి చెందినవారు’ అంటే సరిపోతుందా? ఆడవాళ్ళకు ‘సభ్యురాలు’ అని ప్రతిచోటా విడిగా రాయాలా?

జవాబు: కథలోనో వ్యాసంలోనో అయితే పర్యాయపదాలు వెతకొచ్చు. నియమావళిలో మాత్రం ఆ జోలికి వెళ్ళకండి. ఒకచోట ‘సభ్యుడు’, ఇంకోచోట ‘సంఘీయుడు’ అని రాస్తే ఇద్దరూ వేరువేరని వాదించే లాయరు ఎక్కడో ఒకచోట తగులుతాడు. విసుగనిపించినా ఒకే మాట పట్టుకోండి.

దగ్గరగా కనిపించే మాటలు నిజానికి పర్యాయపదాలు కావు. చందాదారు డబ్బు కట్టి పత్రికో సేవో అందుకుంటాడు, అంతవరకే. వాటాదారుకు లాభనష్టాల్లో భాగం ఉంటుంది. ఖాతాదారు బ్యాంకులో లెక్క ఉన్నవాడు. సభ్యుడంటే సభలో కూర్చునే హక్కు ఉన్నవాడు. సహకార సంఘాల్లో ఎన్ని వాటాలు కొన్నా సభ్యుడికి ఒకే ఓటు అనే సూత్రం ఉందంటే అందుకే. మీ విషయంలో అసలు చిక్కు ‘నివాసి’తో వస్తుంది. అద్దెకున్నవాళ్ళూ నివాసులే, కానీ సాధారణంగా సభ్యులు కారు. ఫ్లాటు కొని వేరే ఊళ్ళో ఉంటున్నాయన సభ్యుడే, కానీ నివాసి కాడు. ‘నివాసులందరూ ఎన్నికలో పాల్గొనవచ్చు’ అని ఒక్క వాక్యం పొరపాటున పడితే తర్వాత సర్దడం కష్టం.

ఆడా మగా గొడవ తప్పించాలంటే బహువచనం వాడండి. ‘సభ్యుడు రుసుము చెల్లించవలెను’ కాదు, ‘సభ్యులు రుసుము చెల్లించాలి’. ఒక్కరి సంగతే చెప్పాల్సిన చోట ‘సభ్యుల్లో ఎవరైనా రాజీనామా చేస్తే’ అని తిప్పండి.

ఇంకో జవాబు: పైది సరే. తప్పులు ఎక్కువగా దొర్లేది ప్రత్యయాల దగ్గర. దరఖాస్తుల్లో ‘నేను ఈ సంఘంలో సభ్యుడు’ అని కనిపిస్తుంది. తెలుగులో నామవాచకం కూడా పురుషను బట్టి మారాలి: నేను సభ్యుణ్ణి (సభ్యుడిని), నేను సభ్యురాలిని, నువ్వు సభ్యుడివి, మేము సభ్యులం, వాళ్ళు సభ్యులు. ‘మేము సభ్యులు’ అని వదిలేస్తే వాక్యం కుంటుతుంది.

అంకెల సంగతీ అంతే. ‘ఐదు సభ్యులు’ అనకూడదు, ఐదుగురు సభ్యులు. ఏడు దాకా ‘గురు’ సాఫీగా సాగుతుంది. ఆ పైన ఎనమండుగురు, తొమ్మండుగురు ఉన్నా ఇప్పుడు ఎనిమిది మంది, తొమ్మిది మంది అనడమే వాడుక. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సంఘం పెట్టడానికి కనీసం 7 మంది కావాలి కాబట్టి మీ మొదటి పేజీలోనే ఈ అవసరం పడుతుంది: ‘ఏడుగురు వ్యవస్థాపక సభ్యులు’. సంస్కృత సమాసమైతే ఏకసభ్య, ద్విసభ్య, త్రిసభ్య. ‘ముగ్గురుసభ్య కమిటీ’ అని కలపకండి. ముగ్గురు సభ్యుల కమిటీ, లేదా త్రిసభ్య కమిటీ.

‘సభ్యత్వ నమోదు’ బదులు ‘సభ్యత నమోదు’ అని బ్యానరు వేస్తే మర్యాదస్తుల పేర్లు రాసుకుంటున్నట్టు ఉంటుంది! రెండింటికీ మూలం ఒకటే. పాణిని సూత్రం ‘సభాయా యః’ ప్రకారం సభకు తగినవాడు సభ్యుడు. సభలో కూర్చునేవాడనీ, సభలో ఎలా మెలగాలో తెలిసినవాడనీ అర్థం రెండుగా చీలింది. అసభ్యం రెండో పాయలోంచి వచ్చిందే. శాసనసభ్యుడు, శాసనసభ సభ్యుడు రెండూ ఒప్పే.

మరొకరు: ‘చెందిన’ గురించి ఎవరూ చెప్పలేదు. చెందు అంటే పొందు, చేరు. అభివృద్ధి చెందింది, ఆందోళన చెందారు అన్నప్పుడు ఉన్నది ఆ చెందే. ‘తెనాలికి చెందిన వ్యక్తి’ పత్రికల వాక్యం. నోటితో అనేటప్పుడు తెనాలి ఆయన, తెనాలి వాళ్ళు. ‘వాళ్ళు’ చేర్చితే చాలు, తెలుగులో గుంపుకు చెందడం అయిపోతుంది: బ్యాంకు వాళ్ళు, పెళ్ళివాళ్ళు, పై పోర్షన్ వాళ్ళు.

‘నేను ఈ సంఘానికి చెందుతాను’ మాత్రం వద్దు. మనిషి విషయంలో ‘చెందిన’ అని విశేషణంగానే నప్పుతుంది. ‘చెందుతుంది’ అనేది ఆస్తికి: ‘ఆ పొలం పెద్ద కొడుక్కి చెందుతుంది’. అందుకే నియమావళిలో ‘పార్కింగు స్థలం సంఘానికి చెందుతుంది’ బాగుంటుంది, ‘సంఘానికి చెందినవారు’ బాగోదు. వాచ్‌మ్యానూ లిఫ్టు మెకానిక్కూ కూడా చెందినవారే అవుతారు మరి.

శ్రీకాకుళం వైపు నుంచి: మాకు ‘తాలూకా’ ఉంది కదండీ! ‘మీరు ఎవరి తాలూకా?’ అంటే ఎవరి మనుషులు, ఎవరి బంధువులు అని. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట, మూలార్థం సంబంధం. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో మండలాలు వచ్చి పాలనలో తాలూకాలు పోయాయి గానీ మనుషుల తాలూకాలు పోలేదు. 2024 ఎన్నికలప్పుడు బళ్ళ మీద ‘పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా’ అని స్టిక్కర్లు వెలిశాయే, అది ఈ అర్థమే. నియమావళికి పనికిరాదు, ఒప్పుకుంటాను.

మళ్ళీ మొదటి జవాబు రాసినవారు: వాడుక సంగతి వచ్చింది కాబట్టి. పార్టీల్లో చేరడానికి ‘సభ్యత్వం తీసుకున్నారు’ అని రాసే విలేకరి అరుదు. కండువా కప్పుకున్నారు, తీర్థం పుచ్చుకున్నారు, తిరిగొస్తే సొంత గూటికి చేరారు, పోతే గోడ దూకారు. గుంపు నచ్చకపోతే మాటా మారుతుంది: ‘ఆ కోవకు చెందినవాడు’ అంటే నింద లేదు, ‘ఆ బాపతు’ అంటే ఉంది, ‘అంతా ఒకే తాను ముక్కలు’ అంటే చెప్పక్కర్లేదు. ‘ముఠా’ పత్రికల్లో దొంగలకే మిగిలింది గానీ, మార్కెట్ యార్డుల్లో బస్తాలు మోసే ముఠా కూలీలకు అది మామూలు మాట.

ఇక మన, మా. ఇది మీకు నేరుగా పనికొస్తుంది. నోటీసు బోర్డు మీద ‘మన సంఘం’ అనండి, చదివేవాళ్ళూ అందులో ఉన్నారు. మునిసిపల్ కమిషనరుకు రాసే అర్జీలో ‘మా సంఘం’ అనాలి. ‘మన సంఘానికి మంచినీళ్ళు రావడం లేదు’ అని రాస్తే కమిషనరు గారిని కూడా మీ సంఘంలో చేర్చుకున్నట్టే. మరో ముక్క: ఇల్లు, ఊరు, మొగుడు, పెళ్ళాం అన్నప్పుడు తెలుగువాడు ‘నా’ కన్నా ‘మా’ అనడమే ఎక్కువ. మా ఊరు, మా ఆయన, మా ఆవిడ. ‘నా ఊరు’ అంటే సినిమా డైలాగులా ఉంటుంది.

హైదరాబాద్ నుంచి ఒకరు: ‘మనోళ్ళేనా?’ గురించి ఒక జాగ్రత్త. పెళ్ళిళ్ళలో, అద్దె ఇల్లు చూసేటప్పుడు ఎవరైనా అలా అడిగితే చాలాసార్లు అది కులం ప్రశ్న. ‘మనోడు’ మాత్రం అంత బరువు లేని మాట. మాట్లాడుకుంటున్న మూడో మనిషిని ‘మనోడు లేటుగా లేచాడు’ అంటాం, ఆ మనిషి మనకేమీ కాకపోయినా. నియమావళి మీద వాట్సాప్‌లో చర్చ జరుగుతుంటే ‘మనవాళ్ళందరూ’ కన్నా ‘సభ్యులందరూ’ అనడమే క్షేమం.

ప్రశ్న వేసినవారు: ధన్యవాదాలండీ. అయితే నిర్వచనం ఇలా రాయొచ్చా? ‘సభ్యులు: ఫ్లాటు తమ పేర రిజిస్టరై, ప్రవేశ రుసుము చెల్లించి, సభ్యత్వ రిజిస్టరులో పేరు నమోదైన స్త్రీపురుషులు.’

జవాబు: రాయొచ్చు. ‘స్త్రీపురుషులు’ తీసేసి ‘వ్యక్తులు’ పెట్టండి, ఎవరూ మిగిలిపోరు. ఒకే ఫ్లాటు భార్యాభర్తలిద్దరి పేర ఉంటే ఓటు ఎవరిదో పక్కనే ఇంకో వాక్యంలో తేల్చండి.