గుట్ట మీది ఊరి మురుగు: ఇంటింటికీ ఇంకుడు గుంతా, కింద ఒకటే కుంటా?

గుట్టవాలు: మాది ములుగు వైపు గుట్ట వాలు మీద చిన్న ఊరు. పేరు చెప్పను. ఇంటింటికీ మిషన్ భగీరథ నల్లాలు వచ్చాక నీళ్ల వాడకం పెరిగింది, వాడిన నీళ్లు బాట మీద పారుతున్నాయి. పంచాయతీకి వచ్చే కేంద్ర ఆర్థిక సంఘం నిధుల్లో కొంత పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలి. గ్రామసభలో రెండు మాటలు వచ్చాయి. ఒకటి, ఇంటింటికీ ఇంకుడు గుంత. రెండోది, సీసీ మోరి కట్టి గుట్ట కింద కుంటలో కలిపి అక్కడ శుద్ధి చేయడం. మీరేమంటారు?

మేస్త్రీ_హన్మకొండ: ఇంకుడు గుంతే. ఉపాధి హామీలో పని వస్తుంది, మోరికయ్యే సిమెంటు మిగులుతుంది. అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆ పైన ఇసుక. ముందు చిన్న జాలీ పెట్టి అన్నం మెతుకులు ఆపాలి. ఇటుకలు కడితే సందులు వదలాలి. చాలామంది ఆ సందులు సిమెంటుతో మూసేసి నీళ్లు ఇంకట్లేదంటారు.

కిందివాడ: అన్నా, గుట్ట మీద రెండడుగులు తవ్వితే బండ తగులుతుంది. ఎక్కడ ఇంకుతుంది? బండ పగుళ్లలో దిగి కింద మా చేదబావిలో తేలుతుంది. లెట్రిన్ గుంత బావికి పది మీటర్ల దూరం ఉండాలంటారు, అది మట్టి నేలకు. పగుళ్ల రాతిలో అంతకంటే ఎంతో దూరం పోతుంది.

మేస్త్రీ_హన్మకొండ: నేను రాసింది వంటింటి నీళ్ల గురించి తమ్మీ, నువ్వు లెట్రిన్ గుంత అంటున్నావు. గుంత తవ్వి నీళ్లు పోసి ఎంతసేపట్లో తగ్గుతాయో చూసుకోవచ్చు కదా?

చింతచెట్టు: రెండూ వద్దు, ఆ నీళ్లు పారే చోట అరటి చెట్లు పెట్టండి 😀

బడిపంతులు: లెట్రిన్ మాట వచ్చింది కాబట్టి చెప్తా. జంట గుంతలుంటే భయం అక్కర్లేదు. ఒకటి నిండితే పైపు చీలే చోట దారి రెండోదానికి మార్చాలి. మొదటిదాన్ని ఏడాది పైనే మూసి ఉంచితే వాసన లేని ఎరువవుతుంది. 2017 ఫిబ్రవరిలో మన గంగదేవిపల్లిలోనే అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలోకి దిగి ఎరువు తీశారు. ఇంకేం కావాలి?

కిందివాడ: సార్, ఢిల్లీ ఆఫీసర్ ఒక్క రోజు దిగారు, ఫొటోలు వచ్చాయి. మా ఊళ్లో రెండో గుంత ఎంతమంది కట్టారు? ఒక్క గుంతకు మూత వేసి వదిలేశారు. నిండాక ఎవరిని పిలిచారో తెలుసా? మా నాన్నను. నాలుగేళ్ల కింద, వానాకాలం, పై వాడలో. చేతికి తొడుగు లేదు, కాళ్లకు బూట్లు లేవు. కూలీ డబ్బులు గడప అవతలి నుంచి విసిరారు. మనుషులతో మలం ఎత్తించొద్దనే 2013 చట్టం ఉంది కదా అనకండి, చట్టం చదివిన ఇల్లే అది. ఇంకుడు గుంత ఎందుకు ముద్దో నాకు అర్థమవుతుంది. కంపు మట్టి కింద ఉంటుంది, తీసే చెయ్యి మాది ఉంటుంది.

గుట్టవాలు: ఇది మన ఊరే అనిపిస్తోంది. అన్నా, ఆ సంగతి నాకు తెలియదు. కానీ మోరి కడితే మొత్తం కంపు మీ వాడ పక్కకే వస్తుంది. అదెలా ఒప్పుకుంటున్నావు?

కిందివాడ: ఇప్పుడు మాత్రం ఎటు పోతోంది? వాన పడితే మా గడప ముందుకే. కుంట కడితే దానికి బాట వేస్తారు. బాట ఉంటే సెప్టిక్ ట్యాంకు బండి వస్తుంది. నాకు కావలసింది కుంట కాదు, బండి.

బడిపంతులు: బండి తీసింది ఏ వాగులో వదులుతారు? దాన్ని శుద్ధి చేసే ప్లాంటు కూడా ఉండాలి. వరంగల్‌లో అమ్మవారిపేట దగ్గర ఉంది, అంత దూరం మోసేదెవరు?

కిందివాడ: ఆ ప్రశ్న మా నాన్న మోసినప్పుడు ఎవరూ అడగలేదు సార్.

గుట్టవాలు: సరే. సభలో ముందు బాట, బండి సంగతి పెడతా. వంటింటి నీళ్లు ఎక్కడ ఇంకుతాయో మేస్త్రీ అన్న చెప్పినట్టు నీళ్లు పోసి చూద్దాం, ఇంకని చోటే మోరి. మీ నాన్నను సభకు రమ్మను అన్నా.

కిందివాడ: నేను చెప్పడం కాదు, నువ్వే ఇంటికొచ్చి పిలువు. గడప లోపలికి వచ్చి.

మేస్త్రీ_హన్మకొండ: ఇటుకల సందులు మాత్రం మూయొద్దు.