బొసావి సీడీలో హెలికాప్టర్ మోత తీసేయడం న్యాయమేనా?

పాతక్యాసెట్: జనాల పాటలూ చప్పుళ్ళూ పరిశోధించే అమెరికన్ స్టీవెన్ ఫెల్డ్ 1976లో పాపువా న్యూ గినీలోని బొసావి అడవికెళ్ళాడు. అక్కడి కలూలీలకు పిట్ట కూత అంటే చనిపోయినవాళ్ళ గొంతు. వాళ్ళ ఏడుపుపాటల మీద 1982లో పుస్తకం వేశాడు, పేరొచ్చింది. 1991లో ఒక రోజంతటి అడవి చప్పుళ్ళని గంట సీడీలో కుదించాడు. అందులో హెలికాప్టర్ల, యంత్రాల మోత మాత్రం లేదు! చమురు తవ్వేవాళ్ళు దిగిన కాలమది. శబ్దంలోనే సమాజం వినపడుతుందన్న పెద్దమనిషి చేయాల్సిన పనేనా?

గోదారిగాలి: దాచలేదు కదండీ, కత్తిరించానని తనే రాశాడు. సీడీ రాబడితో బొసావి వాళ్ళకి నిధి పెట్టాడు. సోలమన్ దీవుల్లో 1970లో హ్యూగో జెంప్ అనే పరిశోధకుడు రికార్డు చేసిన, అఫునాక్వా అనే ఆవిడ పాడిన జోలపాటని 1992లో డీప్ ఫారెస్ట్ అనే ఫ్రెంచి సంగీత బృందం వాళ్ళు డాన్సు పాటలో కలిపేసుకుంటే, ఆ సంగతి ఎండగట్టినవాళ్ళలో ఫెల్డూ ఉన్నాడు.

పాతక్యాసెట్: నిధి సంగతి అడిగానా? హెలికాప్టర్ గురించి చెప్పండి.

గోదారిగాలి: పెళ్ళి వీడియోలో జనరేటర్ చప్పుడు ఉంచుతారా మీరు?

పాతక్యాసెట్: పెళ్ళి వీడియోకి ప్రొఫెసర్ ఉద్యోగం ఇవ్వరు.

సుబ్బు_విజీనారం: 😂

ఒగ్గోల్లపిలగాడు: మీ హెలికాప్టర్ పాడుగాను. మా తాత మల్లన్న కథ తెల్లారేదాక చెప్పేటోడు. యూనివర్సిటీ నుంచి ఒకాయన టేపు పట్టుకొని వచ్చిండు. కోళ్ళ సప్పుడు పడతదని మా అవ్వతోని కోళ్ళను గంపకింద కమ్మిచ్చిండు. తాతకు దగ్గొస్తే మల్ల మొదటికెళ్ళి చెప్పమన్నడు. కాపీ పంపుతనన్నడు, ఇప్పటిదాక పత్తా లేదు. తాత పోయిండు. ఆయనకు డాక్టరేటు వచ్చింది.

గోదారిగాలి: బాధే. కానీ ఒకరు చేసినదానికి ఫెల్డ్‌ని అంటే ఎలా?

ఒగ్గోల్లపిలగాడు: ఫెల్డ్‌ను ఎవరన్నరు? నాకు మా తాత గొంతు కావాలె.

పాతక్యాసెట్: నేననేదీ అదే, కత్తిరించడం...

ఒగ్గోల్లపిలగాడు: కాదు. మీరు కత్తెర దగ్గరనే తిరుగుతున్నరు. కోళ్ళు లేకున్నా మంచిదే, టేపు ఇంటికి రావాలె. మీ పేరే పాతక్యాసెట్. మీ కాడ ఎన్నున్నయి?

(రెండు రోజుల తర్వాత)

పాతక్యాసెట్: పద్నాలుగు. ఎం.ఫిల్. కోసం తీసుకున్న కోలాటం పాటలు. ఇస్తానన్నాను, ఇవ్వలేదు. బూజు పట్టాయి, ఆడతాయో లేదో.

ఒగ్గోల్లపిలగాడు: ఏ ఊరివి?