బస్సు ఇంట్లో కట్టెల పొయ్యా, డీజిల్ హీటరా?

కొండగాలి:
అమెరికాలోని కొలరాడోలో పాత స్కూలు బస్సు కొని ఇల్లుగా మార్చుకుంటున్నాం. ఈ చలికాలం లెడ్‌విల్ దగ్గర, సుమారు 3,000 మీటర్ల ఎత్తున గడపాలని ఉంది. నాకు చిన్న ఇనుప కట్టెల పొయ్యి మీద మనసు. దానికి కరెంటు అక్కరలేదు, లోపలి చెమ్మ కూడా ఆరుతుంది. మా వారు డీజిల్ హీటరే అంటున్నారు. ఆరేళ్ల పాప ఉంది. మీరేమంటారు?

చక్రాల ఇల్లు:
పాప ఉందన్నారు కాబట్టి గట్టిగానే చెబుతున్నాను, మీ వారి మాట వినండి. డీజిల్ హీటరు మంటకు కావలసిన గాలిని బస్సు కింద నుంచి తీసుకుంటుంది, పొగనూ బయటికే వదులుతుంది. మనం పీల్చే గాలి దానితో కలవదు. కట్టెల పొయ్యి లోపలి గాలినే వాడుకుంటుంది. వంట దగ్గర గాలిని బయటికి లాగే ఫ్యాను వేశారంటే పొగ గొట్టంలోంచి వెనక్కి రావచ్చు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకోవద్దని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. పైగా అంత చిన్న పొయ్యిలో కట్టెలు రెండు మూడు గంటల్లో అయిపోతాయి. రాత్రంతా ఎవరు లేచి వేస్తారు?

పాత డ్రైవర్:
నేను ఒప్పుకోను. బయటి గాలిని నేరుగా పొయ్యికి అందించే గొట్టం దొరుకుతుంది, అది బిగిస్తే మీ మొదటి అభ్యంతరం చాలావరకు తీరుతుంది. అంత ఎత్తున గాలి పలచన. ఇంధనం తగ్గించి సర్దకపోతే డీజిల్ హీటరులో మసి పేరుకుంటుంది. వెలిగేటప్పుడు మంట అంటించే గ్లో ప్లగ్ బ్యాటరీ నుంచి 10 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఒక జనవరి రాత్రి చలికి నీరసించిన నా బ్యాటరీ అంత ఇవ్వలేకపోయింది. ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది కట్టెల పొయ్యే.

గోదారి పడవ:
పొగ గొట్టం లేని గ్యాసు హీటరు చవక కదా, అది చాలదా?

చక్రాల ఇల్లు:
దయచేసి వద్దు. అందులో వాడే ప్రొపేన్ గ్యాసు కిలో మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. అదంతా చల్లటి ఇనుప రేకుల మీద నీరై కారుతుంది. పాత డ్రైవర్ గారూ, బ్యాటరీ సంగతి నిజమే. అయినా పిల్ల నిద్రపోయే చోట రాత్రంతా నిప్పు ఉండటానికి నా మనసు ఒప్పదు.

కొండగాలి:
ఎత్తుకు తగ్గట్టు ఇంధనాన్ని తనే సర్దుకునే డీజిల్ హీటరు పెడుతున్నాం. పొయ్యికి గోడ దగ్గర చోటు వదిలాం, పగటిపూట మాత్రమే వెలిగిస్తాం. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఈ రోజే పాప మంచం పక్కన బిగించాను.