డాలస్–హైదరాబాద్ ప్రయాణాలు, అమెరికన్ ఆడ్వాంటేజ్ ప్లాటినం: లాయల్టీ పాయింట్ల లెక్క ఎలా?

ఫ్రిస్కో_గృహస్థు

అందరికీ నమస్కారం. డాలస్ నుంచి ఏడాదికోసారి కుటుంబంతో హైదరాబాద్ వెళ్తాం, ఎక్కువగా కతార్ ఎయిర్‌వేస్‌లో దోహా మీదుగా. అది కాక ఆఫీసు పని మీద దేశంలోపల అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో తిరుగుడు ఉంటుంది. ఆ టికెట్లు కంపెనీ కొన్నా మైళ్లు నా ఖాతాకే వస్తాయి. అమెరికన్ వాళ్ల మైళ్ల ప్రోగ్రాం ఆడ్వాంటేజ్‌లో ఖాతా ఉంది కానీ స్టేటస్ (గోల్డ్, ప్లాటినం లాంటి మెట్టు) ఏమీ లేదు.

నా సందేహాలు ఇవి. కతార్ ప్రయాణాన్ని ఆడ్వాంటేజ్‌లో వేసుకోవాలా, కతార్ వాళ్ల ప్రివిలేజ్ క్లబ్‌లో వేసుకోవాలా? అదే విమానం అమెరికన్ సైట్లోనూ కతార్ సైట్లోనూ ఇంచుమించు ఒకే ధరకు కనిపిస్తుంటే ఎక్కడ కొనాలి? ప్లాటినం తెచ్చుకుంటే దోహాలో భార్యాపిల్లలతో లాంజ్‌లోకి వెళ్లొచ్చా?

మైళ్ల_పద్దు

ముందు మెట్లు చూద్దాం. ఆడ్వాంటేజ్‌లో స్టేటస్ తేల్చేది లాయల్టీ పాయింట్లు ఒక్కటే. గోల్డ్‌కి 40,000, ప్లాటినంకి 75,000, ప్లాటినం ప్రోకి 1,25,000, ఎగ్జిక్యూటివ్ ప్లాటినంకి 2,00,000. గోల్డ్ మొదట్లో 30,000 ఉండేది, 2023లో పెంచారు. లెక్క జనవరితో మొదలవదు. మార్చి 1న సున్నా నుంచి మొదలై ఫిబ్రవరి ఆఖరి రోజుతో ముగుస్తుంది.

అమెరికన్ విమాన నంబరుతో కొన్న టికెట్‌కి డాలరుకి 5 పాయింట్లు. ఆ డాలర్లలోకి బేస్ ఫేర్, ఎయిర్‌లైన్ వేసే సర్‌చార్జి మాత్రమే వస్తాయి. ప్రభుత్వ పన్నులు, ఎయిర్‌పోర్టు ఫీజులు రావు. గోల్డ్ అయితే డాలరుకి 7, ప్లాటినంకి 8, ప్లాటినం ప్రోకి 9, ఎగ్జిక్యూటివ్‌కి 11. మెట్టు దాటగానే కొత్త రేటు వర్తిస్తుంది, ఏడాది చివరిదాకా ఆగక్కర్లేదు. అందుకే 75,000ని 5తో భాగించి 15,000 డాలర్లు అనుకోవద్దు. మొదటి 40,000కి 8,000 డాలర్ల చార్జీ కావాలి. గోల్డ్ వచ్చాక మిగతా 35,000కి 5,000 డాలర్లు చాలు. మొత్తం 13,000. ఇది విమాన టికెట్లతోనే తెచ్చుకుంటే అయ్యే లెక్క. కార్డు కలిస్తే బాగా తగ్గుతుంది.

ఇంకొకటి. మీ కంపెనీ బేసిక్ ఎకానమీ టికెట్లు కొంటోందేమో చూడండి. 2025 డిసెంబరు 17 నుంచి కొన్న బేసిక్ ఎకానమీ టికెట్లకి అమెరికన్ మైళ్లూ ఇవ్వదు, లాయల్టీ పాయింట్లూ ఇవ్వదు. ఆఫీసు బుకింగ్ పోర్టల్లో అన్నిటికంటే చవకైనది దానంతటదే ఎంపికయ్యే ఏర్పాటు ఉంటే ఏడాదంతా తిరిగినా మీటర్ కదలదు. దానికి పై మెట్టు, అంటే మామూలు ఎకానమీ అయిన మెయిన్ క్యాబిన్ తీసుకునే వీలు కంపెనీ పాలసీలో ఉందా అని ముందు అడగండి.

టెర్మినల్_డి

ఏ సైట్లో కొన్నారన్నది కాదు, టికెట్ మీద ఏ ఎయిర్‌లైన్ విమాన నంబరు ఉందన్నదే ముఖ్యం. మీ రెండో ప్రశ్నకి జవాబంతా ఇక్కడే ఉంది.

అమెరికన్ నంబరు ఉంటే, విమానం నడిపేది కతార్ అయినా పాయింట్లు డబ్బు లెక్కన వస్తాయి. కతార్ నంబరు ఉంటే దూరం లెక్క: ఎగిరిన మైళ్లలో మీ బుకింగ్ క్లాస్‌కి ఎంత శాతం రాసి ఉంటే అంత. డాలస్–దోహా సుమారు 7,900 మైళ్లు, దోహా–హైదరాబాద్ సుమారు 1,800. రానూపోనూ దాదాపు 19,400. మీ క్లాస్‌కి 25 శాతం ఉంటే 4,850, 50 శాతమైతే 9,700, 100 శాతమైతే మొత్తం 19,400. అదే టికెట్ అమెరికన్ నంబరుతో కొని, పన్నులు పోగా చార్జీ 1,100 డాలర్లు అనుకుంటే, స్టేటస్ లేనివాళ్లకి 5,500, ప్లాటినం ఉన్నవాళ్లకి 8,800.

అంటే 25 శాతం క్లాస్ దొరికితే అమెరికన్ నంబరు మేలు, 50 శాతమో పైనో దొరికితే కతార్ నంబరు మేలు. డబ్బు కట్టేముందు బుకింగ్ క్లాస్ అక్షరం చూడండి. ఎకానమీ అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ ఒక్క క్యాబిన్‌లోనే పది పైచిలుకు అక్షరాలుంటాయి. వెళ్లేటప్పుడు ఒక అక్షరం, వచ్చేటప్పుడు ఇంకొకటి ఉండటం మామూలే. ఆ అక్షరాన్ని ఆడ్వాంటేజ్ సైట్లో కతార్ పేజీలోని పట్టికతో పోల్చుకోండి. కొద్దిపాటి ధర తేడాతో పై శాతం క్లాస్ వస్తుంటే ఒక్కోసారి అదే లాభం, ముఖ్యంగా మెట్టుకి కొద్ది దూరంలో ఉన్నప్పుడు.

జాగ్రత్త పడాల్సింది దోహా–హైదరాబాద్ ముక్కలో. ఆ దారిలో ఇండిగో కూడా నడుపుతుంది, కతార్‌తో దానికి కోడ్‌షేర్ (ఒకరి విమానాన్ని ఇంకొకరి నంబరుతో అమ్మే ఒప్పందం) ఉంది. కతార్ నంబరే ఉన్నా కింద చిన్న అక్షరాల్లో ‘ఇండిగో నడుపుతుంది’ అని ఉంటే ఆ ముక్కలో వన్‌వరల్డ్ (అమెరికన్, కతార్ ఉన్న ఎయిర్‌లైన్ల కూటమి) సదుపాయాలు ఉండవు. వన్‌వరల్డ్ హక్కులు దొరకాలంటే నంబరూ విమానమూ రెండూ కూటమి ఎయిర్‌లైన్లవే అయి ఉండాలి. ఇండిగో ఆ కూటమిలో లేదు.

కతార్ సైట్లో కొనేటప్పుడు ప్రివిలేజ్ క్లబ్‌లో లాగిన్ అయి ఉంటే ఆ నంబరే టికెట్‌లోకి ఎక్కేస్తుంది. దాన్ని తీసేసి ఆడ్వాంటేజ్ నంబరు పెట్టాలి, అన్ని ముక్కలకీ పెట్టాలి. చెకిన్ అయ్యాక బోర్డింగ్ పాస్ మీద మళ్లీ చూసుకోండి. ఒక ప్రోగ్రాంలో పాయింట్లు పడ్డాక ఇంకోదానికి మార్చరు.

గచ్చిబౌలి_గేట్

మనవాళ్లకి ఎక్కువగా ఎదురయ్యే చిక్కులు రెండున్నాయి, అవీ చెప్పాలి.

మొదటిది ఏజెంట్ టికెట్లు. సెలవుల సీజన్లో చాలామంది తెలిసిన ట్రావెల్ ఏజెంట్ దగ్గర కన్సాలిడేటర్ (టోకున టికెట్లు కొని అమ్మేవాళ్ల) ధరకి కొంటారు. రసీదులో చార్జీ ఉండాల్సిన గడిలో డాలర్ల బదులు ‘ఐటీ’ అనో ‘బీటీ’ అనో ‘బల్క్’ అనో ఉంటే అది ప్రత్యేక ధర టికెట్. అమెరికన్ నంబరుతో ఉన్నా అలాంటి టికెట్‌కి డాలర్ల లెక్క వర్తించదు, దూరంలో శాతం ఇస్తారు. దూర ప్రయాణం కాబట్టి ఒక్కోసారి అది నష్టమేమీ కాదు, కానీ ముందే తెలిసి కొనాలి. ఏజెంట్‌ని రెండే అడగండి: ఇది పబ్లిష్డ్ ఫేరా (ఎయిర్‌లైన్ అందరికీ ప్రకటించిన ధరేనా), బుకింగ్ క్లాస్ ఏమిటి? ఆ రెండూ చెప్పలేని ఏజెంట్ దగ్గర స్టేటస్ కోసం టికెట్ కొనకండి.

రెండోది పేర్లు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్లకి అమెరికా వీసాలో ముందు పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ముందు పేరు తెలియదు అని అర్థం) పడుతుంది. టికెట్ ఒకలా, ఆడ్వాంటేజ్ ఖాతా ఇంకోలా ఉంటే పార్ట్‌నర్ విమానాల మైళ్లు వాటంతటవి పడవు. ఖాతాలో రోజూ వాడుకునే పేరు పెట్టుకుని, టికెట్‌కి పాస్‌పోర్టు పేరు ఇవ్వడంతోనే ఈ చిక్కంతా. ఖాతాలోని పేరుని పాస్‌పోర్టు ప్రకారం ముందే దిద్దించుకోండి. ప్రయాణమయ్యాక కంటే ముందు చేయించుకోవడం చాలా తేలిక.

పాయింట్లు పడకపోతే ఆడ్వాంటేజ్ సైట్లో మిస్సింగ్ మైల్స్ ఫారం ఉంటుంది. దానికి టికెట్ నంబరు కావాలి. ఆరు అక్షరాల బుకింగ్ కోడ్ అది కాదు, 13 అంకెలది. కతార్ ఇచ్చిన టికెట్ 157తో, అమెరికన్‌ది 001తో, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌ది 125తో మొదలవుతుంది. బోర్డింగ్ పాస్‌లు ఫోటో తీసి ఉంచండి. గడువు ఏడాది ఉంది కదా అని ఆగకండి. ఫిబ్రవరిలోపు పడాల్సినవైతే మరీ ఆగకూడదు.

ఫ్రిస్కో_గృహస్థు

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. కార్డు కలిస్తే తగ్గుతుందన్నారు కదా, అది ఎలా? నలుగురి టికెట్ల పాయింట్లూ ఒకే ఖాతాలో వేసుకోవచ్చా?

మైళ్ల_పద్దు

టికెట్ల పాయింట్లు ఎవరు ఎగిరితే వాళ్లకే. నలుగురి టికెట్లకీ మీరే డబ్బు కట్టినా మీ సీటుకి వచ్చేవే మీకు పడతాయి. పిల్లలకి విడిగా ఖాతాలు తెరవండి. స్టేటస్ రాకపోయినా మైళ్లు పోకుండా ఉంటాయి.

కార్డు సంగతి వేరు. సిటీ బ్యాంకు ఇచ్చే ఆడ్వాంటేజ్ క్రెడిట్ కార్డు మీద పెట్టే ఖర్చుకి డాలరుకి ఒక లాయల్టీ పాయింట్. రెస్టారెంట్లకి రెట్టింపు మైళ్లు అన్నచోట కూడా పాయింటు డాలరుకి ఒకటే, మిగతాది ఉత్త మైళ్లు. కార్డు తీసుకున్నప్పుడు వచ్చే వెల్‌కమ్ బోనస్, కొనుక్కున్న మైళ్లు, ఎవరో బదిలీ చేసిన మైళ్లు స్టేటస్‌కి లెక్కలోకి రావు. జీవిత భాగస్వామిని మీ కార్డులోనే ఆథరైజ్డ్ యూజర్‌గా పెడితే ఆ ఖర్చు కూడా మీ ఖాతాకే వస్తుంది. నలుగురివి కలపడం అంటూ ఉంటే అది ఇక్కడే.

ఆడ్వాంటేజ్ షాపింగ్ పోర్టల్, డైనింగ్ ప్రోగ్రాం, హోటల్ సైట్లలో సంపాదించే మామూలు మైళ్లు పాయింట్లుగా కూడా లెక్కకొస్తాయి. ముఖ్యంగా హోటళ్లు. ఒక్క బుకింగ్‌కి వేలల్లో మైళ్లు చూపే రోజులుంటాయి. కానీ అదే గది హోటల్ సొంత సైట్లో ఎంతకి దొరుకుతుందో చూడకుండా కొంటే పాయింట్లని అధిక ధరకి కొన్నట్టే.

సొంతంగా చిన్న కంపెనీ నడిపేవాళ్లు, కన్సల్టెన్సీ ఉన్నవాళ్లు మన దగ్గర ఎక్కువ కాబట్టి ఇదీ చెప్తున్నాను. ఆడ్వాంటేజ్ బిజినెస్ అనే కంపెనీల ప్రోగ్రాంలో మీ కంపెనీని నమోదు చేసి టికెట్ దానికి జతచేస్తే కంపెనీకి డాలరుకి ఒక మైలు, ప్రయాణికుడికి డాలరుకి ఒక లాయల్టీ పాయింట్ అదనం. అంటే స్టేటస్ లేనివాళ్లకి 5 బదులు 6. మీ యజమాని ఇందులో ఉన్నారేమో కనుక్కోండి.

టెర్మినల్_డి

మీరు మొదట అడిగినవాటిలో ఏ ప్రోగ్రాంలో వేసుకోవాలన్నదీ, లాంజ్ సంగతీ మిగిలాయి.

ప్రివిలేజ్ క్లబ్‌లో గోల్డ్‌కి 12 నెలల్లో 300 క్యూపాయింట్లు (స్టేటస్ తేల్చే వాళ్ల పాయింట్లు) కావాలి. ఏడాదికి ఒక్క ఎకానమీ ప్రయాణంతో దాని దరిదాపులకి కూడా వెళ్లలేం. అదే కూటమిలోని బ్రిటిష్ ఎయిర్‌వేస్ ప్రోగ్రాంలో వేద్దామన్నా, అది 2025 ఏప్రిల్ నుంచి ఖర్చు లెక్కకి మారింది: పౌండుకి ఒక పాయింట్, సిల్వర్‌కి 7,500. మీ లెక్కలో అసలు బలం ఆఫీసు ప్రయాణాలూ కార్డూ కాబట్టి అన్నీ ఆడ్వాంటేజ్‌లోనే వేయండి. చీల్చితే రెండు చోట్లా ఏదీ రాదు.

ఆడ్వాంటేజ్ ప్లాటినం అంటే కూటమి అంతటా చెల్లే మెట్లలో వన్‌వరల్డ్ సఫైర్. డాలస్–దోహా–హైదరాబాద్ దారిలో బిజినెస్ కౌంటర్‌లో చెకిన్, ముందు బోర్డింగ్, లాంజ్ వస్తాయి. లాంజ్‌కి మీతోపాటు ఒక్క అతిథికే అనుమతి, వాళ్లకి కూడా అదే రోజు వన్‌వరల్డ్ విమానం ఉండాలి. నలుగురిలో ఇద్దరు బయట ఉండిపోతారు. ఇద్దరు పెద్దవాళ్లకీ స్టేటస్ ఉంటేనే నలుగురూ లోపలికి. ఇక దోహాలో అల్ ముర్జాన్ లాంజ్ గురించి విని ఆశపడే వాళ్లుంటారు. అది బిజినెస్ క్లాస్ టికెట్ ఉన్నవాళ్లది. ఎకానమీలో వెళ్లే సఫైర్లని పంపేది గోల్డ్ లాంజ్‌కి.

ఆడ్వాంటేజ్‌లో స్టేటస్ తెచ్చుకున్నవాళ్లకి అమెరికా లోపలి ప్రయాణాల్లో అమెరికన్ వాళ్ల లాంజ్ అడ్మిరల్స్ క్లబ్ ఉచితం కాదు. అక్కడ మీకొచ్చేవి: బుక్ చేసేటప్పుడే కాళ్లకి ఎక్కువ చోటుండే మెయిన్ క్యాబిన్ ఎక్స్‌ట్రా సీటు, రెండు చెకిన్ బ్యాగులు ఉచితం, ప్రయాణానికి 48 గంటల ముందు నుంచి ఉచిత అప్‌గ్రేడ్ వరస. డాలస్ అమెరికన్‌కి ప్రధాన కేంద్రం, పై మెట్లవాళ్లు అక్కడ ఎక్కువ, ఎగ్జిక్యూటివ్ ప్లాటినం వాళ్లకి 100 గంటల ముందే వరస తెరుచుకుంటుంది. కాబట్టి అప్‌గ్రేడ్‌నే నమ్ముకుని ప్లాటినం వెనకాల పడొద్దు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆఫీసు ప్రయాణాలతో, మామూలు ఇంటి ఖర్చుతో 75,000 దగ్గరికి వస్తుంటే మిగతాది పూరించండి. ఏడాదికొక్క హైదరాబాద్ ప్రయాణంలో దోహా లాంజ్ కోసమే వేల డాలర్లు అటు మళ్లించడం తప్పు. ఆ డబ్బులో చిన్న భాగంతో నలుగురికీ లాంజ్ రుసుము కట్టొచ్చు.

గచ్చిబౌలి_గేట్

టెర్మినల్_డి గారితో ఏకీభవిస్తూనే ఒక మాట. వరసగా రెండేళ్లు పనికొచ్చేలా చూసుకుంటే లెక్క మారుతుంది. ఒక ఏడాదిలో వచ్చిన స్టేటస్ ఆ ఏడాది మిగిలినంత కాలం, ఆపైన తర్వాతి ఏడాదంతా, అది ముగిశాక వచ్చే మార్చి 31 దాకా ఉంటుంది. 2026 మార్చి నుంచి 2027 ఫిబ్రవరి మధ్య ఎప్పుడు 75,000 దాటినా 2028 మార్చి 31 వరకు ప్లాటినమే. వేసవిలో దాటితే రెండు వేసవి ప్రయాణాలకి పనికొస్తుంది, ఫిబ్రవరిలో దాటితే ఒక్కదానికే. సంక్రాంతికి వెళ్లేవాళ్ల పాయింట్లు కిందటి వేసవివాటితో కలుస్తాయి. ఉగాదికి వెళ్తే చాలాసార్లు కొత్త లెక్కలో పడతాయి.

మైళ్ల_పద్దు

దానికి తోడు, ఏడాది చివర కార్డునీ పోర్టల్‌నీ నమ్ముకుంటే తేదీలు చూడండి. కార్డు పాయింట్లు స్టేట్‌మెంట్ మూసినప్పుడు పడతాయి, పోర్టల్‌వి కొట్టు ఖరారు చేశాక, వారాలు పట్టొచ్చు. ఫిబ్రవరి 20న కొన్నది మార్చిలో పడితే కొత్త ఏడాది ఖాతాలోకి పోతుంది. పోర్టల్ కొనుగోళ్లు జనవరి మధ్యలోపే ముగించండి. హోటల్ మైళ్లు బస అయిపోయాకే వస్తాయి కాబట్టి బుక్ చేసిన తేదీ కాదు, చెకౌట్ తేదీ చూసుకోండి. ఆఖరి వారంలో కొన్ని వేలు తక్కువైతే మిగిలే నమ్మకమైన దారి అమెరికన్ నంబరున్న విమానం ఎక్కడమే, వాటి పాయింట్లు సాధారణంగా రెండు మూడు రోజుల్లో పడిపోతాయి.