అప్‌డేట్: ప్రింట్‌లో చారలు పోయాయి

ఆకులు, తీగలతో వేసిన నా ప్రింట్‌ను రిపీట్ చేస్తే గుడ్డ మీద అడ్డంగా ఖాళీ చారలు కనిపిస్తున్నాయి, ఏం చేయాలని అడిగాను కదా. ఎక్కువమంది హాఫ్ డ్రాప్ ప్రయత్నించమన్నారు. పనిచేసింది! పక్క నిలువు వరుసను రిపీట్ (మళ్లీ మళ్లీ వచ్చే డిజైన్ ముక్క) ఎత్తులో సగం కిందికి జరపగానే ఖాళీలు ఒకే గీతలో పడటం మానేశాయి. అయినా ఒక పెద్ద ఆకు మాత్రం ఐమూలగా మెట్లలా కనిపిస్తూనే ఉంది. దాన్ని కొంచెం తిప్పి, రంగు తేలిక చేసి, తీగ కొసను అంచు దాటించి పక్క రిపీట్‌లోకి పాకించాను. అప్పుడు కలిసిపోయింది.

సైజు గురించి చెప్పినవాళ్లకు ప్రత్యేకంగా థాంక్స్. కంప్యూటర్‌లో ముచ్చటగా ఉన్న ఆకును అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి డ్రెస్ ఫామ్‌కు (బట్టలు కుట్టేటప్పుడు వాడే బొమ్మకు) పిన్ చేస్తే, ఛాతీ దగ్గర డార్ట్‌లో (ఒంటికి అమరేలా కుట్టే మడతలో) సగం మాయమైంది. అందుకే చిన్నది చేశాను. రిపీట్ ఎత్తు ఇప్పుడు 32 సెంటీమీటర్లు. రోటరీ స్క్రీన్ (తిరుగుతూ గుడ్డ మీద రంగు అద్దే గొట్టం లాంటి తెర) చుట్టుకొలత సాధారణంగా 64 కాబట్టి సరిగ్గా రెండుసార్లు పడుతుంది.

ఆకులన్నీ పైకే చూస్తే కటింగ్‌లో గుడ్డ ఎక్కువ వృథా అవుతుందన్న మాట నిజమే, కొన్నింటిని తలకిందులు చేశాను. రంగులు కూడా తగ్గించాను, ఒక్కో రంగుకూ ఒక్కో స్క్రీన్ కావాలి మరి. ఇక ముదురు రంగు బ్యాక్‌గ్రౌండ్ మీద ఇదే డిజైన్ వేయడం మిగిలింది.