డేటా లేకుండా టేబుళ్ల స్ట్రక్చర్ ఒక్కటే తీసుడు ఎట్ల?

అన్నలూ, అక్కలూ, జర సాయం కావాలె. మాది మిర్యాలగూడ. ఒక రైస్ మిల్లుల లెక్కల సాఫ్ట్‌వేర్ చూస్తున్న, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8.0. వడ్ల లారీల తూకం, రైతుల పేర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు అన్నీ అండ్లనే ఉన్నయ్. మా సేటు తమ్ముడు హాలియా దిక్కు ఇంకో మిల్లు పెడుతున్నడు. ఆయనకు ఇదే డేటాబేస్ కావాలె గానీ మా రైతుల వివరం ఒక్కటి కూడా పోవద్దు.

కమాండ్ లైన్‌ల మైఎస్‌క్యూఎల్‌డంప్‌కు (డేటాబేస్‌ను ఫైలుగ తీసే టూల్) నో-డేటా ఆప్షన్ ఇచ్చి ఫైలు తీసిన. టేబుళ్లు, వ్యూలు (టేబుళ్లకెళ్లి తీసి చూపెట్టే దాచిన క్వెరీలు) వచ్చినయ్, తరుగు లెక్కగట్టే స్టోర్డ్ ప్రొసీజర్ (డేటాబేస్‌లనే దాచిన కోడ్) మాత్రం రాలే. రొటీన్స్ ఆప్షన్ వేరేగ ఇయ్యాలని రాత్రి పదింటికి తెలిసింది. ఆ ముచ్చట అయిపోయింది.

ఇప్పుడు అసలు గోస. కొత్త దాంట్ల మొదటి తూకం చీటీ కొడితే నంబర్ 1 రావాల్సింది 48213 వచ్చింది! ఫైలు తెరిచి చూస్తే క్రియేట్ టేబుల్ చివర్ల "ఆటో_ఇంక్రిమెంట్=48213" అని అట్లనే కూసుంది, అంటే తర్వాతి నంబర్ పాత లెక్క నుంచే వస్తది. 60 టేబుళ్లున్నయ్, చేత్తోని ఎన్నని తీయాలె? సెడ్‌తోని (ఫైలుల పదాలు మార్చే కమాండ్) తీసేద్దామంటే, టేబుల్ కాలమ్ దగ్గర ఉండే ఉత్త ఆటో_ఇంక్రిమెంట్ పదం కూడా ఎగిరిపోతదేమోనని భయం. "=అంకె" ఉన్నదాన్ని మాత్రమే పట్టే ప్యాటర్న్ ఎట్ల రాయాలె?

ఇంకోటి, స్టాక్ వ్యూ తెరిస్తే 1449 ఎర్రర్, డెఫినర్ యూజర్ (ఆ వ్యూ ఎవరి పేరు మీద ఉందో ఆ యూజర్) లేడంట. నిజమే, ఆయన పాత సర్వర్‌లనే ఉన్నడు. మైఎస్‌క్యూఎల్‌పంప్ అనే ఇంకో డంప్ టూల్‌ల డెఫినర్ పేరు లేకుండ తీసే స్కిప్-డెఫినర్ ఆప్షన్ ఉంది గానీ మైఎస్‌క్యూఎల్ 8.4ల ఆ టూల్‌నే తీసేసిన్రు, దాన్ని నమ్ముకోబుద్ధి అయితలేదు. డంప్‌తోనే అయ్యే దారి ఉంటే చెప్పుర్రి. సోమవారం మిల్లు మొదలు.